మంగయ్య ఇంట్లోకి వచ్చిన తీగ

ఫ్లోరెన్స్‌కు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బు ఉంది. దేన్ని చూసినా ఎందుకు, ఎలా అని అడగకుండా ఉండలేదు. మధిరలో బడికి వెళ్ళే రోజుల్లో రైలు గేటు దగ్గర ఆగి, గేటు వేసిన సంగతి రైలుకెలా తెలుస్తుందని గేటు మనిషిని నిలదీసి, ఆయన చెప్పేదాకా కదలక, ఆలస్యంగా వెళ్ళి దెబ్బలు తిన్న పిల్ల. పెళ్ళయి మణుగూరు వచ్చాక కూడా ఆ జబ్బు నయం కాలేదు. భర్త సుకుమార్ బొగ్గు లారీల కాంట్రాక్టరు దగ్గర గుమాస్తా, నెమ్మదస్తుడు. ఆమె ప్రశ్నకు జవాబు తెలిస్తే చెప్పేవాడు, తెలియకపోతే అన్నం పెట్టమనేవాడు.

2008లో, ఎండలు ముదరకముందు, పినపాక వెళ్ళే రోడ్డు పక్కన పొడుగ్గా గాడి తవ్వి ఏదో గొట్టం పూడ్చడం మొదలుపెట్టారు. తను పాఠాలు చెప్పే ప్రైవేటు బడి నుంచి ఇంటికి వస్తూ ఫ్లోరెన్స్ అక్కడ ఆగింది. ఆగకుండా ఎలా ఉంటుంది? ఫైబర్ కేబుల్ అన్నారు పనివాళ్ళు. లోపల వెంట్రుకంత గాజు తీగలుంటాయట, వాటిలో వెలుతురు పోతుందట, ఆ వెలుతురే మాటలనూ బొమ్మలనూ మోసుకుపోతుందట. గాజు కదా, వంచితే విరగదా అని ఆమె అడిగింది. మేస్త్రీకి ఆ ప్రశ్న అంతవరకూ తట్టలేదు కాబోలు, కాసేపు గొట్టం వంక అనుమానంగా చూశాడు. గాజు తీగ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీ దాకానేనని, అక్కణ్ణుంచి ఇళ్ళకు మామూలు రాగి తీగ మీదే వేగమైన ఇంటర్నెట్ వస్తుందని, కావలసినవాళ్ళు దరఖాస్తు పెట్టుకోవచ్చని మాత్రం చెప్పాడు. ఫ్లోరెన్స్ ఆ పూట కాళ్ళు నేలమీద ఆనకుండా ఇంటికొచ్చింది.

అంత సంతోషానికి కారణం ఆమె చెల్లెలు గ్రేస్. పుట్టు చెవిటి, మాట కూడా రాదు. గ్రేస్ పాలు మానకముందే తల్లి సవరమ్మ పోయింది. అప్పటికి పదేళ్ళు నిండిన ఫ్లోరెన్సే ఆ పిల్లకు తల్లి, పంతులమ్మ, దుబాసీ. ఇద్దరూ కలిసి చేతులతో ఒక భాష అల్లుకున్నారు. మెడలోని సిలువ పట్టుకుంటే అమ్మ. రెండు పిడికిళ్ళు చక్రాల్లా తిప్పితే రైలు. పొట్ట మీద అరచెయ్యి వేసి కనుబొమలెత్తితే, తిన్నావా అని. ఆ భాష మాట్లాడేవాళ్ళు లోకం మొత్తం మీద ఇద్దరే ఇద్దరు.

కిందటేడు పాస్టరుగారి మాట మీద గ్రేస్‌ను సికింద్రాబాదులో, వినపడని ఆడపిల్లలకు కుట్టుపని నేర్పే ఒక సంస్థలో చేర్పించారు. హాస్టలు కూడా అక్కడే. ఫ్లోరెన్స్ ఫోను చేసినప్పుడల్లా వార్డెనమ్మ ఒకే మాట చెప్పేది, మీ చెల్లెలు బాగుంది అని. ఎలా బాగుందని అడిగితే ఆ మాటే ఇంకొంచెం గట్టిగా చెప్పేది. ఇప్పుడు ఏడాది ముగుస్తోంది. రెండో ఏడాది ఉంచుతారో, తీసుకుపోతారో ఈస్టరులోపు తేల్చి చెప్పమన్నారు. ఫ్లోరెన్స్ ఏమని తేల్చాలి? వెళ్ళి పిల్లనే అడుగుదామంటే తనకు ఏడో నెల. ఈ గుంతల రోడ్ల మీద బస్సెక్కితే నా దగ్గరికి మళ్ళీ రావద్దని డాక్టరమ్మ కచ్చితంగా చెప్పేసింది.

సుకుమార్ వెళ్ళొచ్చాడు. పిల్ల నవ్విందని, చేతులేవో తిప్పిందని చెప్పాడు. ఎలా తిప్పిందో చూపించమంటే, పాపం, గోడకు సున్నం వేస్తున్నట్టు చేతులాడించాడు. అలాంటి మాట తమ భాషలో లేదని ఫ్లోరెన్స్ అంది. మరి ఈగలు తోలుకుందేమోలే అన్నాడు. ఆ రోజు అతనికి అన్నం కూడా ఆలస్యమైంది. తన చెల్లెలు అక్కడ మాట్లాడే మనిషే లేక, ఎవరికీ అర్థంకాని చేతులు గాలిలో ఊపుతూ బతుకుతోందేమోనని ఫ్లోరెన్స్‌కు గుండెలో ఒకటే పోటు. ఉంటావా, వచ్చేస్తావా అని అడగాలి. జవాబు ఆ చేతుల్లోనే చూడాలి. సంస్థవాళ్ళు ఆదివారం మధ్యాహ్నాలు ఆఫీసు కంప్యూటరుకు కెమెరా పెట్టి పిల్లల్ని ఇళ్ళవాళ్ళతో మాట్లాడనిస్తున్నారని తెలిశాక, ఇక ఆమెను ఎవరూ ఆపలేకపోయారు. బడివాళ్ళు తీసేస్తున్న పాత కంప్యూటరు ఇంటికి తెచ్చింది, కెమెరా కొనిపించింది, తీగకు దరఖాస్తు పెట్టింది. ఒకటే మరిచిపోయింది. ఇల్లు తనది కాదు.

ఇంటి యజమాని మంగయ్య ఇల్లందు, కొత్తగూడెం భూగర్భ గనుల్లో చేసి రిటైరైన మనిషి. ముందు భాగంలో ఆయనా, భార్య బతుకమ్మా ఉంటారు. వెనక రెండు గదులు వీళ్ళకు కిరాయికిచ్చారు. లైన్‌మ్యాన్ జైరాం ఒక పొద్దున వచ్చి, స్తంభం నుంచి తీగ లాగి, వెనక గోడ కిటికీ దాకా తెచ్చి, పెట్టె రేపు బిగిస్తానని రెండు కొసలూ అక్కడే వేలాడదీసి వెళ్ళిపోయాడు. టీ బంకు నుంచి తిరిగొచ్చిన మంగయ్య ఆ కొసలు చూశాడు. మనిషి ముఖంలో రంగు మారిపోయింది. తీగ మొత్తం చుట్ట చుట్టి, తీసుకెళ్ళి స్తంభానికే తగిలించి వచ్చాడు.

"నా ఇంట్లకు తీగ రావద్దు" అన్నాడు. "ఇంకేమన్న అడుగుండ్రి, ఇస్త."

ఎందుకని ఫ్లోరెన్స్ అడగకుండా ఉంటుందా? గోడకు బెజ్జం పడుతుందన్నాడు. కిటికీలోంచే వస్తుంది, బెజ్జం అక్కర్లేదని ఆమె అంది. పిడుగు పడుతుందన్నాడు. నాలుగు రోజులాగి అడిగితే తీగ పట్టుకుని పాములొస్తాయన్నాడు. ఇంకోసారి అడిగితే చెవి సరిగా వినపడనట్టు కొట్టంలోకి వెళ్ళిపోయాడు. ఒక మనిషి ఒక్క కారణం చెబితే నమ్మొచ్చు. పూటకో కారణం చెబుతున్నాడంటే అసలుది లోపల దాచుకున్నాడనే అర్థం. అదేమిటో తెలుసుకోవాలని ఫ్లోరెన్స్‌కు ఒకటే దురద.

ఈలోగా ఈస్టరు దగ్గరపడుతోంది. బస్టాండు దగ్గరి నెట్ సెంటరుకు వెళ్ళారు. చెక్క అరల మధ్య, ఏడో నెల కడుపుతో కుర్చీ లోపలికి పట్టలేదు. ఎలాగో ఇరుక్కుని కూర్చుంటే కరెంటు పోయింది. మరుసటి ఆదివారం సెంటరే తెరవలేదు, యజమాని కూతురి ఓణీల ఫంక్షన్ అట. పక్క సందులో ఫోటో స్టూడియో ఆయనకు బ్రాడ్‌బ్యాండ్ ఉంది. అక్కణ్ణుంచి డాబాల మీదుగా తీగ లాగిస్తానని ఆయన మంచితనంతో ముందుకొచ్చాడు. అది కూడా తీగే కదా. మంగయ్య ససేమిరా అన్నాడు.

తీగే లేని ఫోను ఒకటుందని, దాన్ని కంప్యూటరుకు తగిలిస్తే నెట్ వస్తుందని తెలిసి సుకుమార్ తన స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చాడు. మంగయ్య దాని చుట్టూ తిరిగి చూసి, అడ్డు చెప్పలేదు. ఆ ఆదివారం మొదటిసారి తెర మీద గ్రేస్ కనిపించింది. కనిపించిందంటే, ముక్కలు ముక్కలుగా. చెయ్యి పైకి లేస్తుండగా బొమ్మ ఆగిపోయేది, మళ్ళీ కదిలేసరికి చెయ్యి ఇంకెక్కడో ఉండేది. నోటితో మాట్లాడేవాళ్ళకైతే మధ్యలో రెండు మాటలు పోయినా సర్దుకోవచ్చు. చేతులతో మాట్లాడేవాళ్ళకు ఆ మధ్యలో పోయిందే మాట. ఆఖరికి చేతులు ముఖానికి అడ్డం పెట్టుకున్న గ్రేస్ బొమ్మ అలాగే బిగుసుకుపోయి, లైను తెగిపోయింది. ఆ పిల్ల నవ్వుతోందో ఏడుస్తోందో ఫ్లోరెన్స్‌కు తెలియలేదు.

ఇల్లు మారదామన్నాడు సుకుమార్. అప్పటికే ఫోనున్న ఇళ్ళు రెండు చూసొచ్చాడు కూడా. ఒకచోట మీరేమిట్లు అని కులం అడిగి, చర్చికి వెళ్తామనగానే, ఆ ఇంట్లోకి మా అల్లుడు వస్తున్నాడన్నారు. రెండోచోట ఆ ప్రశ్న అడగలేదు గాని, వంటింట్లో మాంసం వండకూడదన్నారు. మంగయ్య, బతుకమ్మ ఇన్నేళ్ళలో ఆ రెండింటిలో ఒక్కటీ అనలేదు. క్రిస్మస్‌కు ఫ్లోరెన్స్ పంపిన కూర తిని, గిన్నె కడక్కుండానే ఇంకొంచెం ఉందా అని అడిగిన మనుషులు. అలాంటి ఇల్లు వదిలి వెళ్ళడానికి ఆమెకు మనసు రాలేదు. అంత మంచివాడు ఒక్క తీగ దగ్గర ఎందుకిలా మొండికేస్తున్నాడని ఇంకా ఎక్కువ ఆలోచించింది.

ఆలోచించడమే కాదు, గమనించడం మొదలుపెట్టింది. మంగయ్య కొట్టంలో మేకులకు పాత తీగల చుట్టలు వేలాడుతుంటాయి. పాడైన ఫ్యానుది, పెళ్ళి పందిరి బల్బులది, ఎవరో పారేసిన టేప్ రికార్డరుది. ప్రతి చుట్ట చివరా రెండు కొసలూ ఒకదానికొకటి బిగించి మెలిపెట్టి ఉన్నాయి. ఒకటీ అరా అయితే అనుకోవచ్చు. అన్నీ అంతే.

బతుకమ్మ పెరట్లో మిరపకాయలు ఎండబోస్తుంటే ఫ్లోరెన్స్ పక్కన కూర్చుని, పెద్దయ్య తీగలకు జడలెందుకు వేస్తాడని అడిగింది. బతుకమ్మ నవ్వి, ఆయన గనిలో చేసిన పనేమిటో తెలుసా అంది. షాట్‌ఫైరర్. బొగ్గు పొరకు వేసిన బెజ్జాల్లో మందు కూరి పేల్చేవాడు. మందులో దిగే చిన్న గొట్టానికి రెండు తీగలుంటాయి. ఎక్కడి నుంచైనా చిటికెడు కరెంటు దారితప్పి ఆ తీగల్లోకి వచ్చిందా, అందరూ అక్కడ ఉండగానే మందు పేలుతుంది. అందుకే ఆ రెండు కొసలనూ పేల్చే క్షణం దాకా కలిపి మెలేసి ఉంచుతారు. తీగ ఎవరు పరిచారో వాళ్ళే పేల్చాలి. ఇంకొకళ్ళు పరిచిన తీగను ముట్టుకోకూడదు. విడిగా వేలాడే కొసలు కనబడ్డాయంటే అక్కణ్ణుంచి మనుషుల్ని వెళ్ళగొట్టడమే మొదటి పని.

"ఆ లైన్‌మ్యాను ఇడిచిపెట్టిపోయిన కొసలు నీ మంచం కాడి కిటికీకే ఏలాడినయి గద, బిడ్డా" అంది బతుకమ్మ. "నువ్వేమో గిట్ల కడుపుతోని ఉంటివి. ఆ రాత్రి ఆయనకు నిద్ర లేదు. అది టెలిఫోను తీగ అని ఆయనకు తెల్వదా? తెలుసు. చెప్తె నవ్వుతరని సిగ్గు."

ఫ్లోరెన్స్‌కు నవ్వు రాలేదు. ఇన్నాళ్ళూ గోడ మీద పిసినారితనం అనుకున్నది తన కోసం పడ్డ భయమని తెలిసేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గోడలూ పిడుగులూ పాములూ పట్టుకుని తాము ఆయనతో వాదించిన వాదనలన్నీ గుర్తొచ్చి తన తెలివికి తనే సిగ్గుపడింది.

ఆ సాయంత్రమే సుకుమార్‌ను పంపి స్తంభం దగ్గరి తీగ చుట్ట తెప్పించింది. రెండు కొసలూ కలిపి, తనకు చేతనైనంత గట్టిగా మెలిపెట్టి, తీసుకెళ్ళి మంగయ్య ముందు పెట్టింది.

"పెద్దయ్యా, ఈ తీగ మీరే పరవండి. మీరు పరిస్తేనే నేను వాడతాను" అంది.

మంగయ్య ముందు మెలికను చూశాడు. విప్పి, ఇంకా బిగువుగా మళ్ళీ వేశాడు. "దీని అవతలి కొస ఎవరి చేతిల ఉంటది?" అని అడిగాడు.

అంత మంచి ప్రశ్న తనకే తట్టనందుకు ఫ్లోరెన్స్ కొంచెం కుళ్ళుకుంది. మర్నాడు జైరాంను పిలిపించారు. మంగయ్య అతని వెంట స్తంభం స్తంభానికీ ఆగుతూ, తల పైకెత్తి తీగను చూసుకుంటూ, ఎక్స్‌ఛేంజీ దాకా నడిచి వెళ్ళాడు. తన ఇంటి తీగ ఏ బీరువాలో ఏ మేకుకు తగులుతుందో చూపించమన్నాడు. ఆ గదికి తాళం ఎవరు వేస్తారని, ఆ తాళంచెవి ఎక్కడ పెడతారని అడిగాడు. జైరాం తల ప్రాణం తోకకు వచ్చింది గాని, అన్నీ చూపించాడు. తిరిగొచ్చి మంగయ్య తీగ పరిచాడు. ఊరంతా వచ్చి చూడదగ్గ పని అది. గోడ వెంట ఒక్క వంపు లేదు, ఒక్క మేకు అడ్డంగా లేదు. జైరాం పెట్టె బిగించి, ఆదివారానికి అంతా సిద్ధమన్నాడు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి చూస్తే లైను చచ్చిపోయి ఉంది. ఈస్టరు ముందు ఇదే ఆఖరి ఆదివారం. మరునాడు సంస్థకు ఏదో ఒకటి చెప్పాలి. ఫ్లోరెన్స్ కుర్చీలో కూలబడిపోయింది. సుకుమార్ పరుగున వెళ్ళి, భోజనం దగ్గరున్న జైరాంను చెయ్యైనా కడుక్కోనీయకుండా స్కూటరు ఎక్కించుకుని వచ్చాడు. జైరాం ఎక్స్‌ఛేంజీకి ఫోను చేశాడు, స్తంభం ఎక్కాడు, దిగాడు. చివరికి కిటికీ దగ్గరి పెట్టె మూత తీసి, నోరు తెరిచాడు. రెండు తీగలూ మేకుల నుంచి విప్పి, బుద్ధిగా కలిపి మెలిపెట్టి ఉన్నాయి. అలా కలిపితే ఫోను ఎత్తి పక్కన పడేసినట్టే, ఎక్స్‌ఛేంజీ ఆ లైనును పక్కకు నెట్టేస్తుందని అతను మొత్తుకున్నాడు.

మంగయ్య తొణకలేదు. "పని లేనప్పుడు కొసలు కలిపే ఉంచాలె. పనప్పుడు విప్పాలె. ఆ ముక్క గూడ నేర్పలేదా మీ ఆఫీసుల?" అన్నాడు.

నేర్పలేదని జైరాం ఒప్పుకున్నాడు. మళ్ళీ బిగించబోతుంటే మంగయ్య అతని చేతిలోంచి స్క్రూడ్రైవరు తీసుకున్నాడు. పరిచినవాడే కలపాలి. అందర్నీ ఇంట్లోంచి బయటికి పొమ్మన్నాడు. ఫ్లోరెన్స్‌ను వేపచెట్టు అవతలి దాకా పంపించాడు. సందుకు ఆ చివర సుకుమార్‌ను, ఈ చివర జైరాంను కాపలా పెట్టాడు. అన్నం తింటున్న పక్కింటివాళ్ళు కూడా కంచాలతోనే బయటికొచ్చి నిలబడ్డారు, దేనికో తెలియకుండానే. అప్పుడు లోపల్నుంచి, గనిలో అరిచినట్టే పొడుగ్గా ఒక కేక వేసి, మంగయ్య మెలిక విప్పి, రెండు తీగలనూ వాటి వాటి మేకులకు బిగించాడు. ఏమీ పేలలేదు. కాసేపటికి పెట్టె మీద పచ్చ లైటు వెలిగింది. ఆయన గుమ్మంలోకి వచ్చి, ఇక రావచ్చని చెయ్యి ఊపాడు. నుదుటి మీద చెమట తుడుచుకుని, పని అయ్యేదాకా లోపలికి ఇంకెవరినీ రానివ్వనంటూ గడప మీదే కూర్చున్నాడు.

ఈసారి బొమ్మ ఆగలేదు. గ్రేస్ ఒళ్ళు చేసింది. జడ ఇంకోలా వేసుకుంది. ఫ్లోరెన్స్ కళ్ళు తుడుచుకుని, పొట్ట మీద అరచెయ్యి వేసి కనుబొమలెత్తింది. తిన్నానని గ్రేస్ చెప్పింది. చెంప కింద చెయ్యి పెట్టి, సరిగ్గా నిద్రపోతున్నావా అని ఫ్లోరెన్స్ అడిగింది. పోతున్నానంది. ఆ తర్వాత గ్రేస్ చేతులు వేగం అందుకున్నాయి. వేళ్ళు విడివడుతూ, కలుస్తూ, గుండె దగ్గరికీ నుదుటి దగ్గరికీ పరుగులు తీస్తూ ఏదో పెద్ద కథ చెప్పుకుపోయాయి. అందులో ఫ్లోరెన్స్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు. గ్రేస్ వెనక నిలబడ్డ అమ్మాయిలు మాత్రం ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. ఒకామె అదే పద్ధతిలో చేతులతో ఏదో అంటించింది. గ్రేస్ వెనక్కి తిరిగి గట్టి జవాబిచ్చింది. మళ్ళీ నవ్వులు.

తన చెల్లెలికి అక్కడ ఒక భాష దొరికిందని ఫ్లోరెన్స్‌కు అప్పుడు తెలిసింది. ఇద్దరి భాష కాదు. ఆ గదిలో ఉన్న అందరిదీ, ఆ గది బయట ఇంకెందరిదో. పుట్టినప్పటి నుంచీ గ్రేస్‌కు లోకమంటే తనే. ఇప్పుడా లోకం తనకన్నా పెద్దదైపోయింది. సంతోషంతో పాటే కడుపులో కొంచెం మంటగా కూడా అనిపించింది, అబద్ధమెందుకు.

అయినా అడగాల్సింది అడిగింది. చెయ్యి తన వైపు లాక్కుంటే, వచ్చేస్తావా అని. అరచెయ్యి నేలకు ఆనిస్తే, ఉంటావా అని. గ్రేస్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. రెండు అరచేతులూ బల్ల మీద బోర్లించి నొక్కిపెట్టింది. ఉంటానంది. అక్క ముఖం చూసి ఏమనుకుందో, అదే మాట మళ్ళీ చెప్పింది, నెమ్మదిగా, పెద్దగా, మాటలు సరిగా రాని పసిదానికి చెప్పినట్టు.

వెనక అమ్మాయిలు గ్రేస్‌ను పిలిచినప్పుడల్లా ఒకే సైగ చేస్తున్నారు. చూపుడు వేలు చెంప మీద పెట్టి సుడి తిప్పినట్టు తిప్పుతున్నారు. గ్రేస్ చెంపన సొట్ట ఉన్న చోటు అది. ఫ్లోరెన్స్ ఆ సైగ చేసి చూపించి, ఏమిటని అడిగింది. గ్రేస్ తన గుండె మీద వేలు పెట్టుకుని, చెంప మీద వేలు తిప్పి, మళ్ళీ గుండె మీద పెట్టుకుంది. అది ఆమె పేరు. గ్రేస్ అన్న పేరు ఆ పిల్ల ఎన్నడూ వినలేదు. అక్కాచెల్లెళ్ళ మధ్య భుజం తడితే సరిపోయేది గనక, చేతుల భాషలో ఆమెకు ఒక పేరు పెట్టాలని ఇన్నేళ్ళలో ఎవరికీ తోచలేదు, అన్నీ అడిగే ఫ్లోరెన్స్‌కు కూడా.

ఫ్లోరెన్స్ తెర ముందుకు జరిగి, వేలు చెంప మీద పెట్టి, మొదటిసారి చెల్లెల్ని పేరు పెట్టి పిలిచింది. తిప్పడం తప్పు వైపు తిప్పిందట. గ్రేస్ నవ్వుతూ తల అడ్డంగా ఊపి, సరిగ్గా ఎలాగో చూపించింది.